ఉత్త బిళ్ళ

కొల్లేటి లంక నుంచి,
గురువారం మధ్యాహ్నం.

ఏవండీ,

ఆ ఉప్పుగాలిలో కూడా మిమ్మల్ని చల్లగా కాస్తున్న ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేనూ అత్తయ్యగారూ క్షేమం. మీరు అప్పగించి వెళ్లిన బాతులూ క్షేమమే, ఒక్కటి తప్ప. దాని సంగతి అడగకండి. ఆ ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి మా తమ్ముడు నెహెమ్యా భోజనానికి వచ్చాడు.

మీ ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఈ కాలంలో ఉత్తరాలేమిటని పోస్టుమాన్ యేసుదాసుగారు నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఆ ఒడిశా చెరువుల గట్టు మీద నీళ్లు చిలికే ఏరేటర్ల మోతలో నేను చెప్పేది సగం మీకు వినబడదు, వినబడిన సగానికి మీరు వేరేదేదో జవాబు చెబుతారు. అత్తయ్యగారికి దగ్గు అంటే మీరు మొన్న ముగ్గు అనుకున్నారు. కాగితం మీద అయితే మీరు తప్పించుకోలేరు.

అడిగినవాటికి వరసగా చెబుతాను. అత్తయ్యగారి దగ్గు తగ్గింది. కొల్లేట్లో నీళ్లు ఈ ఏడు బాగానే ఉన్నాయి, కొంగలు మన దిబ్బ దాకా వచ్చేస్తున్నాయి. చర్చి రేకులు మార్చారు, వాన పడితే పాస్టరుగారి ప్రసంగం వినబడడం లేదు. కొంతమందికి అదీ సంతోషంగానే ఉంది. ఇక మీరు కోపంగా అడిగిన రెండు ప్రశ్నలున్నాయి. ఆ ఏలూరు ఆసుపత్రి వాళ్లు నిన్ను తెల్ల ఎలుకను చేసి ఆడిస్తున్నారా, ఆ బిళ్ళల గొడవ వదిలిందా లేదా అన్నది ఒకటి. పెర్సిస్ అక్క మోకాళ్లు ఎలా ఉన్నాయి అన్నది రెండోది. అక్క సంగతి చివర చెబుతాను. తొందరపడి చివరి పేజీ తిప్పకండి. మీ బుద్ధి నాకు తెలుసు.

ఎలుకను చేయలేదండీ. ముందుగా అది చెప్పాలి. మీరు వెళ్లిన నెలలో మన చర్చి ఆవరణలో మోకాళ్ల నొప్పుల క్యాంపు పెట్టారు. డాక్టర్ ప్రీతిగారని, చిన్న వయసావిడ, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. కొత్త మందు ఒకటి వచ్చింది, అది పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, అందుకే చూస్తున్నాం అంది. ఒప్పుకున్నవాళ్లలో సగం మందికి ఆ మందు, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండి లోపల మందు లేని ఉత్త బిళ్ళ ఇస్తారు. ఎవరికి ఏది వస్తుందో కంప్యూటరు నిర్ణయిస్తుంది. మనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. నొప్పి మరీ ఎక్కువైతే మామూలు నొప్పి బిళ్ళ వేసుకోవచ్చు. కాళ్లకు వ్యాయామం మాత్రం అందరికీ ఒకటే. ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానేయవచ్చు.

ఉత్త బిళ్ళ ఎందుకండీ, మందే అందరికీ ఇస్తే మీ సొమ్మేం పోయింది అని నేనే అడిగాను. నా నోరు ఊరుకోదు కదా. ఆవిడ చెబుతుంటే నాకు మీ రొయ్యల చెరువులే గుర్తొచ్చాయి. కంపెనీవాడు తెచ్చిన పొడి మీరు అన్ని చెరువుల్లోనూ పోశారు. పంట బాగా వచ్చింది. ఆ పొడి మహిమేనని ఊరంతా చాటారు. ఆ ఏడు పక్క చెరువు ఫణీంద్రగారు ఏమీ పోయలేదు, ఆయన చెరువులోనూ బాగానే వచ్చింది. నేనా మాటంటే మీరు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. పోయని చెరువు ఒకటి పక్కన ఉంటేనే పోసిన చెరువు సంగతి తెలుస్తుందండీ. డాక్టరమ్మ చెప్పిందీ అదే. మనుషులకైతే ఇంకో చిక్కు ఉందట. మందు వేసుకున్నామన్న నమ్మకంతోనే కొంత నొప్పి తగ్గుతుందట. రొయ్యకు ఆ బాధ లేదు. అందుకే మనకు ఉత్త బిళ్ళ కూడా మందులాగే కనబడాలి.

నేను చేరాను, పెర్సిస్ వదిన చేరింది, మన స్త్రీల సమాజంలో ఇంకొంతమంది చేరారు. మీ పెద్దనాన్నగారి కూతురు, మిమ్మల్ని చంకనేసుకుని తిప్పిన అక్క, నాట్లు వేసి వేసి మోకాళ్లు అరగదీసుకుంది. మీరు వెళ్లేనాటికే గోడ పట్టుకోకుండా స్నానానికి వెళ్లలేకపోయేది. చర్చిలో అందరం మోకాళ్లూనితే ఆవిడొక్కతే వెనక ప్లాస్టిక్ కుర్చీలో తల దించుకుని కూర్చునేది. నాకూ మోకాళ్ల నొప్పులు ఉన్నవే గానీ, ఆవిడకు నయం కావాలనే నేను కూడా సంతకం పెట్టాను, ఒక్కతే అయితే వెళ్లనందని.

నెల నెలా జాస్మిన్ అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి మా డబ్బాలు తీసుకుని, మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి, కొత్త డబ్బాలు ఇచ్చి వెళ్లేది. ఆ పిల్లది మా తమ్ముడుండే తాడేపల్లిగూడెమే, అక్కడ చేరినవాళ్లకూ తనే బిళ్ళలు ఇచ్చేది. ఎండలో వచ్చినా మొహం మాడ్చుకున్నది చూడలేదు. ప్రతి వారం ఫోన్ చేసి ఎలా ఉన్నారు ఆంటీ అని అడిగేది. మీరే వారానికోసారి అడగరు.

రెండో నెలకల్లా నాకు గుణం కనిపించింది. మెట్లు ఎక్కడం, దిగడం, బాతుల వెంట పరుగెత్తడం, అన్నీ వచ్చేశాయి. నాకు వచ్చింది అసలు మందేనని తేల్చేసుకున్నాను. మీకూ రాశాను కదా, నా అదృష్టం మంచిదని. వదినకు మాత్రం వీసమెత్తు తేడా లేదు. పాపం, ఆవిడకు ఉత్త బిళ్ళే తగిలిందని సమాజంలో అందరం అనుకున్నాం. పొద్దున్నే ఆవిడ గోడ పట్టుకుని నడుస్తుంటే నాకు ముద్ద దిగేది కాదండీ. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ కూర గిన్నె దగ్గర్నుంచి కొత్తిమీర కట్ట దాకా పంచుకున్నవాళ్లం, నేను మాత్రం మందు మింగి గంతులేస్తున్నాను.

మన సమాజంలో గుప్పెడు బియ్యం సంగతి ఉంది కదా. మగవాళ్లు మీరు తినడమే తప్ప చూసింది లేదు కాబట్టి చెబుతున్నాను. రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి కుండలో వేస్తాం. గురువారం కూడికకు అందరం తెచ్చి ఒకే గంగాళంలో పోస్తాం. ఎవరివి సన్నబియ్యమో, ఎవరివి రేషన్ బియ్యమో ఎవరూ చూడరు. కలిపి, ప్రార్థన చేసి, అవసరమున్న ఇళ్లకు పంచుతాం. మా అమ్మమ్మల నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఒక గురువారం బియ్యం కలుపుతుండగా నాకు బుర్రలో మెరిసింది. ఏవండీ, ఆ ఆలోచన నాదే. ఎవరి మీదా నెట్టను. బిళ్ళలు కూడా ఇలాగే కలిపేద్దాం, అందరికీ సగం మందు దక్కుతుంది, ఒక్కరికీ అన్యాయం జరగదు అన్నాను. అందరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను మెచ్చుకున్నారు కూడా. వదిన మాత్రం వద్దమ్మాయ్, నీకు పనిచేస్తున్నదాన్ని ఎందుకు పాడు చేసుకుంటావు అంది. నేను బలవంతం చేశాను. డబ్బాలన్నీ స్టీలు గిన్నెలో గుమ్మరించి, ప్రార్థన చేసి, సమానంగా పంచాను. బియ్యానికి చెల్లింది బిళ్ళలకు చెల్లదని మాకు తట్టలేదు. జాస్మిన్ వచ్చి లెక్కపెడితే లెక్క సరిగ్గానే ఉండేది. అలా నెల నెలా చేశాం.

తర్వాత డాక్టరమ్మగారే స్వయంగా మన గురువారం కూడికకు వచ్చింది. మీ ఊరి ఆడవాళ్లంత క్రమంగా ఎవరూ వేసుకోవడం లేదు, మీకు దండం పెట్టాలనే వచ్చాను అంది. అప్పుడు ఎవరో, ఉత్త బిళ్ళ వచ్చినవాళ్లు మోసపోయినట్టే కదండీ అని అడిగారు. ఆవిడ బాధపడింది. మోసమైతే ముందే ఎందుకు చెబుతామండీ, ఉత్త బిళ్ళ వేసుకునే మనిషి మాకు తక్కెడలో రెండో పళ్లెం, అది లేకుండా ఏ మందునూ తూచలేం, రేపు ఈ మందు ఎంతమంది మింగినా వాళ్లందరి కోసం ఇవాళ ఖాళీ బిళ్ళ మింగుతున్నారు అంది. ఉత్తది మింగడంలో అంత గౌరవం ఉందని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదండీ.

ఇంతలో పక్కన వదిన కుర్చీ చేతులు పట్టుకుని లేస్తోంది. నేను ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. నిజం చెబితే బిళ్ళలు ఆపేస్తారు, నేను మళ్లీ మంచాన పడతాను, నా భయమంతా అదే. ఆవిడ నా చెయ్యి విడిపించుకుంది.

“డాక్టరమ్మగారూ, మేం బిళ్ళలన్నీ కలిపేసి పంచుకున్నామండీ. మీరు మాకు దండం పెట్టకండి,” అంది.

ఆవిడతో వచ్చిన జాస్మిన్ మొహం పాలిపోయింది. డాక్టరమ్మ అరుస్తుందనుకున్నాను. నేనైతే ఊరు లేచిపోయేలా అరిచేదాన్ని. ఆవిడ మంచినీళ్లు తాగి, మొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? కలిపి వేసుకున్నాక ఎవరికైనా కడుపులో తిప్పడం, వాపు, ఏదైనా ఇబ్బంది కలిగిందా అని. ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి చూసింది. ఆ తర్వాతే, మా అందరి లెక్కా తీసేయాలని, పైవాళ్లకు జరిగింది జరిగినట్టు రాయాలని, బిళ్ళలు వెనక్కి ఇచ్చేయాలని చెప్పింది. మందు గురించి చెప్పాను గానీ ఎందుకు పంచుకోకూడదో అర్థమయ్యేలా చెప్పలేదు, ఆ తప్పు నాది అని మా ముందే అంది. అన్ని నెలల కష్టం మా గిన్నెలో పోసి పాడు చేస్తే, తప్పు తనదేనన్న మనిషిని నేను ఎక్కడా చూడలేదండీ.

వదిన మీద మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. వారం పాటు మాట్లాడలేదు, కూర పంపలేదు. ఆవిడ పంపితే తీసుకున్నాను, అది వేరే సంగతి. రోజూ లేవగానే నొప్పి తిరిగొచ్చిందా అని కాళ్లు తడుముకునేదాన్ని. రాలేదు. వారాలు గడిచాయి, రాలేదు. బిళ్ళ లేకుండా నేనెలా నడుస్తున్నానో నాకే అంతుబట్టలేదు.

ఇక్కడి నుంచి అసలు సంగతి. మంచినీళ్లు తాగి చదవండి.

పోయిన నెలలో పరీక్ష అంతా ముగిసి, ఎవరికి ఏది వచ్చిందో చెబుతామని ఏలూరు పిలిచారు. లెక్కలోంచి తీసేసిన మమ్మల్ని కూడా మర్యాదగా పిలిచారు. వదినను బస్సు ఎక్కించుకుని వెళ్లాను. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చెప్పారు. నా వంతు వచ్చింది. డాక్టరమ్మ నవ్వుతూ, “రాజకుమారిగారూ, మీకు వచ్చింది ఉత్త బిళ్ళ అండి,” అంది.

నేను ఒప్పుకోలేదు. మీకు తెలుసు కదా నా సంగతి. మళ్లీ చూడండమ్మా, పొరపాటు పడ్డారు, నేను లేడిపిల్లలా తిరుగుతున్నాను అని దెబ్బలాడాను. నొప్పి తగ్గింది నిజమే, మీరు అబద్ధమాడలేదు, మందు వల్ల మాత్రం కాదు అంది. వ్యాయామం మానకుండా చేశారు, జాస్మిన్ అడుగుతుందని నడిచారు, తగ్గుతుందని నమ్మారు, కొంత దానంతటదే తగ్గి ఉంటుంది, మందు తన వంతుగా ఎంత చేసిందో తెలియాలంటే ఇవన్నీ మీలాంటివాళ్ల దగ్గర ముందు కొలవాలి అని చెప్పింది. వింటుంటే కోపం పోయి, ఈ ఉపాయం కనిపెట్టినవాళ్లెవరో గానీ ఎంత నిజాయితీ గలవాళ్లు అనిపించింది. తమ మందు గొప్పదని తామే నమ్మకుండా, ఖాళీ బిళ్ళ పక్కన నిలబెట్టి గెలిచి రమ్మంటున్నారు.

తర్వాత వదిన లోపలికి వెళ్లింది. ఆవిడకు వచ్చింది అసలు మందు.

అవునండీ. మీ అక్కకే అసలు మందు వచ్చింది. ఆ మందు నెమ్మదిగా పడుతుందట, మూడు నాలుగు నెలలు పోతే గానీ గుణం తెలియదట. సరిగ్గా వేసుకున్నవాళ్లకు ఉత్త బిళ్ళవాళ్ల కంటే బాగా తగ్గిందని తేలింది. వదినకు పట్టే వేళకు నేను గిన్నె పట్టుకుని వెళ్లాను. ఆవిడ మందు తీసి నేను సగం మింగి, నా ఖాళీ బిళ్ళలు ఆవిడ చేత మింగించాను. పైగా అందరి చేతా మెచ్చుకోలు పొందాను. మీ అక్క ఇవాళ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోందంటే అందులో నా చెయ్యి ఉంది. ఈ మాట మీకెలా చెప్పాలో తెలియక ఇన్ని రోజులు ఉత్తరం రాయలేదు. నన్ను తిట్టండి. ఉత్తరంలో తిట్టండి, ఫోన్‌లో తిడితే ఊరంతా వింటారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చేశాను. వదినా, నీ మందు నేను పాడు చేశాను అన్నాను. ఆవిడ నా కొంగుతోనే నా మొహం తుడిచింది.

“నీది మంచిదనుకునే కదా నాకిచ్చావమ్మాయ్. ఉత్తదని తెలిసి ఇచ్చుంటే అప్పుడు తిట్టేదాన్ని,” అంది.

అంతే. కిటికీలోంచి చూస్తూ, కొల్లేట్లో నీళ్లు బాగా వచ్చాయి కదూ అంది. మీ వంశంలో అలాంటి మనిషి పుట్టిందంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆ మందు ఇంకా దుకాణాల్లోకి రాదు. ఇంకోసారి, ఇంకా ఎక్కువ మంది మీద, ఇంకా ఎక్కువ కాలం చూడాలట. అందులో మళ్లీ సగం మందికి ఉత్త బిళ్ళ. వదిన చేరవచ్చా అని అడిగితే, పెద్ద కమిటీని కనుక్కుని, మధ్యలో ఇంత విరామం వచ్చింది కాబట్టి అడ్డు లేదన్నారు. నేను కూడా చేరతానన్నాను. నా నొప్పి చాలదట. తీసేశారు. ఇన్నేళ్లు నొప్పి నొప్పి అని మీ ప్రాణం తీసినదాన్ని, తీరా పనికొచ్చే వేళకు చాలలేదు చూడండి.

వదినను చేర్పించడానికి మళ్లీ ఏలూరు వెళ్లిన రోజు, అందరూ బయటికి వెళ్లాక నేను డాక్టరమ్మ చేతులు పట్టుకున్నాను. మా వదినకు ఈసారి అసలుదే ఇప్పించండమ్మా, ఆవిడది ఒకసారి పోయింది, మీకు పుణ్యముంటుంది అని బతిమాలాను. ఆవిడ నా చేతులు వదల్లేదు.

“ఏ డబ్బాలో ఏముందో నాకు తెలియదండీ. తెలిస్తే నా చెయ్యి మీ వదినగారి వైపే పోతుంది. అందుకే నాకు తెలియకుండా పెట్టారు,” అంది. ఆవిడ కళ్లలోనూ నీళ్లున్నాయి. జాలి లేక కాదండీ, జాలి ఉందనే తన చేతులు కట్టేయించుకుంది.

వదిన సంతకం పెట్టే ముందు డాక్టరమ్మ మరోసారి అడిగింది, మళ్లీ ఉత్తది రావచ్చు, ఏళ్ల తరబడి అదే వేసుకోవలసి రావచ్చు, తెలిసే పెడుతున్నారా అని. వదిన పెన్ను అందుకుంది.

“గూడెంలో ఎవరో ఒకావిడ, నాలాగే గోడ పట్టుకు నడుస్తూ ఉత్త బిళ్ళ మింగబట్టే కదా ఇది మందని తేలింది. ఆవిడెవరో నాకు తెలీదు. ఈసారి ఆ వంతు నాకొస్తే రానివ్వండమ్మా,” అంది.

పంట పట్టగానే నన్ను అక్కడికి వచ్చేయమని, షెడ్డు పక్కన గది కూడా చూశానని రాశారు. నేనిప్పుడు రాలేనండీ. మీ మీద ప్రేమ లేక కాదు, ఆ సంగతి మీకు తెలుసు. ఈ పరీక్ష అయ్యేదాకా నెల నెలా వదినను ఏలూరు తీసుకెళ్లేది నేనే. ఆవిడ బిళ్ళ ఆవిడే మింగేలా చూసేదీ నేనే. సమాజంలో కూడా చెప్పేశాను, బియ్యం కలుపుదాం, కూరలు పంచుకుందాం, బిళ్ళ జోలికి మాత్రం ఎవరైనా వచ్చారో నాతో పెట్టుకున్నట్టేనని.

ఇది రాస్తుండగానే గోడ అవతల మధ్యాహ్నం బిళ్ళ వేళయింది. మంచినీళ్ల గ్లాసు పెట్టిన చప్పుడు వినబడింది. లోపల ఏముందో ఆవిడకు తెలియదు, నాకు తెలియదు, ఏలూరులో డాక్టరమ్మకూ తెలియదు. “వేసుకున్నానమ్మాయ్,” అని కేకేసింది. సరే వదినా అన్నాను.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూసే మీ భార్య, పెర్సిస్ వదిన మరదలు,
రాజకుమారి